అక్కను చూసి రమ్మంటే

సూరత్‌లో ఒక బట్టల మిల్లులో నాది చెకింగ్ పని. మగ్గం మీంచి వచ్చిన తెల్లబట్టను బల్లమీద పరిచి, పోగు ఎక్కడ తప్పిందో పట్టుకోవాలి. ఇంటికొచ్చినా నా కళ్లు ఊరుకునేవి కావు. దుప్పటి పరిస్తే చాలు, వెతకడం మొదలుపెట్టేవి.

"డ్యూటీ అయిపోయింది గదనే! జర ఆ కండ్లకు ఛుట్టీ ఇయ్యి," అనేవాడు మా ఆయన.

"ముందు నీ నోటికియ్యి," అనేదాన్ని.

కరోనా రెండో ఏడు మా అక్క ఆసుపత్రిలో పోయింది. దాని కూతురికీ అదే జబ్బు, గది దాటడానికి లేదు. "చిన్నమ్మా, నా బదులు నువ్వు అమ్మను మంచిగ చూసి రా," అని ఫోన్‌లో ఏడ్చింది.

శ్మశానం గేటు దగ్గర ఒక్క నిమిషం చూడనిచ్చారు. ముఖం తప్ప ఒళ్లంతా తెల్లబట్ట చుట్టారు. నా చూపు పాదాల దగ్గర మొదలై, పనిలో లాగే, వరసగా పైకి వచ్చింది. భుజం దగ్గర ఒక పోగు తప్పింది. అది ఎంతదాకా పోయిందో చూస్తుండగానే స్ట్రెచర్‌ను లోపలికి తోసేశారు.

"ముఖం ఎట్లుండె చిన్నమ్మా?"

"నిద్రపోయినట్టే ఉండె బిడ్డా."

ఆ పిల్ల ఇప్పటికీ అడుగుతుంది. నేను ప్రతిసారీ ఇంకొంచెం కల్పించి చెబుతాను.