లియెన్‌ఫెంగ్ పిన్ని, సముద్రపు గడ్డి

మా షాజుయ్ ఊళ్ళో ఇళ్ళ కప్పులు సముద్రంలో పెరిగేవి. శరదృతువులో ఈశాన్యపు గాలి రెండు మూడు రోజులు విడవకుండా కొట్టిందంటే చాలు, తీరం పొడవునా మోకాలెత్తు గడ్డి వచ్చి పడేది. రిబ్బన్లలాంటి ఆ పొడుగాటి ఆకుల్ని పంగలకర్రలతో లాగి ఇసుక దిబ్బల మీద ఆరేసేవాళ్ళు. ఎండితే ఊదారంగుకి తిరిగేది, కప్పెక్కి ఏళ్ళు గడిచాక బూడిద తెలుపయ్యేది. ఉప్పు తాగిన గడ్డి కాబట్టి పురుగు పట్టదు, నిప్పు తొందరగా అంటుకోదు. గట్టిగా కప్పితే మూడు తరాల దాకా చూసుకోనక్కర్లేదు.

లియెన్‌ఫెంగ్ మా పక్కింటి ఆవిడ. వరస ఏమీ లేకపోయినా వీధిలో పిల్లలమంతా పిన్నీ అనే పిలిచేవాళ్ళం. ఆమె భర్త షౌచెంగ్ బాబాయి ఇళ్ళు కప్పడంలో చేయి తిరిగిన మనిషి. పెళ్ళయి వచ్చిన ఏడాదే ఆమె గడ్డి ఏరే పనిలో కూర్చుంది. ఇసుక దులపడం, గుల్లలు తీసేయడం, పొడుగు ఆకులు చూరుకి, పొట్టివి మధ్యలో నింపడానికి వేరు చేయడం ఆడవాళ్ళ వంతు. కప్పెక్కడం మగవాళ్ళ వంతు. ఆడది కప్పెక్కితే ఇంటికి మంచిది కాదని పెద్దల మాట.

ఏరుతూ ఏరుతూ ఆమె తలెత్తి పైకి చూసేది. ఎడమవైపు కాస్త లోతయింది, ఇంకో రెండు పిడికిళ్ళు పెట్టమని కేక వేసేది. నలుగురిలో పెళ్ళాం తప్పు పట్టిందని షౌచెంగ్ ముఖం చిట్లించుకునేవాడు. తర్వాత ఎవరూ చూడకుండా అక్కడికి జరిగి, అరచేత్తో నొక్కి, రెండు పిడికిళ్ళూ పెట్టేవాడు. పైనున్న తనకి గడ్డి మాత్రమే కనిపిస్తుందనీ, కిందున్న లియెన్‌ఫెంగ్‌కి కప్పంతా కనిపిస్తుందనీ ఒకసారి మా నాన్న దగ్గర ఒప్పుకున్నాడట.

ఆ తర్వాత చేతుల్లో డబ్బాడి, చాలామంది ఎర్ర పెంకుల ఇళ్ళు కట్టుకున్నారు. పెంకుటిల్లు లేని వాడికి పిల్లనివ్వడం మానేశారు. అఖాతంలో గట్లు పోసి చెరువులు చేశారు, బయటి నీళ్ళలో నాచు తోటల తాళ్ళు కట్టారు. గడ్డి ఏటికేడు పలచబడుతూ వచ్చింది. ఒక ఏడు మూడు రోజులు గాలి కొట్టాక పంగలకర్రలు పట్టుకుని వెళ్ళినవాళ్ళు వట్టి చేతులతో తిరిగొచ్చారు. షౌచెంగ్ నాచు పడవల మీద కూలికి చేరాడు. తడిలో పని, పైగా పాత దగ్గు. పిన్నికి యాభై రెండో ఏట ఆయన పోయాడు.

నాలుగేళ్ళ తర్వాత ఎదురింటి తాన్ మామ ఇంటి కప్పు ఉత్తరం వైపు కుంగింది. తాన్ మామ ఒకప్పుడు పడవలు చేసిన వడ్రంగి. ఇల్లు వాళ్ళ తాత కట్టించింది. చుట్టుపక్కల మిగిలిన ఒక్క పనివాడికీ ఎనభై దాటాయి, నిచ్చెన ఎక్కలేడు. అంతా పీకేసి పెంకు వేయిద్దామని తాన్ మామ మనుషుల్ని మాట్లాడుకున్నాడు. అది విని పిన్ని వాళ్ళింటికి వెళ్ళి, నిచ్చెన మీద సగం దాకా ఎక్కి, కప్పులోకి మోచేతి దాకా చేయి దూర్చి చూసింది. ఆ పూట నేనూ అక్కడే ఉన్నాను.

"పైన నాలుగు వేళ్ళ మందమే కుళ్ళింది మామా. లోపలంతా మీ తాత నాటి గడ్డే, ఇంకా గలగలమంటోంది."

"గలగలమంటే ఏం లాభమే? కప్పేవాడేడీ?"

"నేనెక్కుతాను."

తాన్ మామ నోరు తెరిచాడు. ఆడది కప్పెక్కడమేమిటన్న మాట ఆయన నాలుక చివరిదాకా వచ్చి ఉంటుంది. ఈలోగా లోపలినుంచి ఆయన భార్య గిన్నె పట్టుకుని బయటికి వచ్చింది. గిన్నె నిండా వాననీళ్ళు.

"నా పక్క మీద పడుతోంది వాన. ఆడదో మగాడో తర్వాత చూసుకుందాం. ఎక్కవే అమ్మా."

పిన్ని తన భర్త పాత ప్యాంటు తొడుక్కుని, గడ్డిని తట్టి అణిచే ఆయన చెక్క తట్టుడుబల్ల చేతబట్టుకుని ఎక్కింది. మొదటిరోజు తన భయం కింద చేరిన జనానికి తెలియకూడదని కూర్చునే జరిగానని తర్వాత నాతో చెప్పింది. కూలుతున్న ఒక పాతింటి నుంచి తెచ్చిన గడ్డిని మేం ఏరి పైకి అందించాం. గోధుమ గడ్డి ఒక పొర, సముద్రపు గడ్డి ఒక పొర, చూరు నుంచి పైకి వరస మీద వరస తట్టుకుంటూ పోయింది. కాసేపటికోసారి దిగి, వీధికి అడ్డంగా నిలబడి, తల వంచి చూసి, మళ్ళీ ఎక్కేది. కింద నిలబడి చెప్పడానికి ఇంకో లియెన్‌ఫెంగ్ లేదు కదా.

నాలుగోరోజు రెండు వాలులూ కలిసే నడికొప్పు మూసి మట్టి మెత్తింది. ఆనవాయితీ ప్రకారం తాన్ మామ భార్య ఆవిరి రొట్టెలు చేసి పైకి పంపింది. పిన్ని వాటిని నడికొప్పు మీది నుంచి వీధిలోకి విసిరింది. ఆమె ఎప్పుడు జారిపడుతుందా అని చూడవచ్చినవాళ్ళే ఎగబడి ఏరుకున్నారు.

ఆ పైన పదకొండేళ్ళు ఆమె చుట్టుపక్కల ఊళ్ళన్నిటిలో కప్పులు బాగుచేసింది. కూల్చే ఇంటి గడ్డి నిలిచే ఇంటికి పోయేది. కూల్చడానికి పాత ఇళ్ళు కూడా అయిపోయే రోజొచ్చింది.

ఆ రోజుల్లోనే పక్క ఊళ్ళో పర్యాటకుల కోసం ఒక వీధి కట్టి, కప్పుల మీద ప్లాస్టిక్ గడ్డి పరిచారు. ఎలా ఉందో చెప్పమని పిన్నిని పిలిచారు. ఆమె చూరు నిమిరి, బాగుంది, తుడుచుకోవడానికి తేలిక అని మర్యాదగా చెప్పి వచ్చేసింది. ఇంటికొచ్చాక నేను ముందు పెట్టిన చేప కుడుములు ముట్టలేదు. ప్లాస్టిక్ చూసి బాధపడుతున్నావా అని అడిగాను. అది కాదంది.

"ముప్పై ఏళ్ళు ఏరాను, పదకొండేళ్ళు కప్పాను. ఒడ్డున పడితే తెచ్చుకోవడమే తప్ప, అది ఎక్కడ పెరుగుతుందో ఒక్కసారన్నా దిగి చూడలేదే. వాళ్ళని నేనేమనగలను?"

ఆ మరుసటి వసంతంలో నగరం నుంచి సముద్రం చదువుకున్నవాళ్ళు ఇద్దరు వచ్చారు. ఎక్కడో మిగిలిన గడ్డి పిలకలు తెచ్చి, నారతాడుతో గులకరాళ్ళకి కట్టి, అఖాతం బురదలో నాటి చూస్తారట. సాయానికి మనుషులు కావాలన్నారు. అరవై ఎనిమిదేళ్ళ పిన్ని అందరికన్నా ముందు రబ్బరు బూట్లు వేసుకుంది. వాళ్ళు కట్టిన ముడి అలకి వదులైపోతుంటే, చూరు కట్టే ముడి వేసి చూపించింది. ఆ తర్వాత వాళ్ళూ అదే వేశారు.

రెండు నెలలకి పిలకల్లో సగం ఒడ్డుకి కొట్టుకొచ్చాయి. ముడులు ఊడలేదు, రాళ్ళతో సహా వచ్చాయి. నీళ్ళు వెనక్కి తగ్గే ఆటు సమయంలో ఆల్చిప్పల కోసం బురద గీకే కర్రల ఇనపపళ్ళకి చిక్కి లేచిపోయాయవి. గీకేవాళ్ళందరికీ పెద్దదిక్కు పిన్ని ఆడపడుచు సాయ్‌యున్. ఆ నోటికి ఊళ్ళో మగవాళ్ళు కూడా జంకుతారు.

మర్నాడు ఆటుకి పిన్ని ఒక ముక్కాలిపీట తీసుకెళ్ళి, పిలకలు మిగిలిన చోట మడమల లోతు నీళ్ళలో వేసుకుని కూర్చుంది. సాయ్‌యున్ బుట్ట లాక్కుంటూ వచ్చింది.

"జరుగు వదినా. నీళ్ళు తిరిగొచ్చేస్తాయి."

"కింద గడ్డి ఉంది."

"నాకైతే నీ చాదస్తమే కనిపిస్తోంది. కప్పుల మీద కూర్చున్నది చాలక ఇప్పుడు సముద్రం మీద కూర్చుంటావా?"

"కూర్చుంటాను."

సాయ్‌యున్ ఆమె చుట్టూ గీక్కుంటూ, తిట్టుకుంటూ పోయింది. రెండోరోజూ అంతే. మూడోరోజూ అంతే. నాలుగోరోజు గాలి చల్లగా ఉంది. సాయ్‌యున్ ఫ్లాస్కు తెచ్చి ఆమె ఒళ్ళో పడేసింది.

"అల్లం నీళ్ళు. తాగి చావు. నీకేమన్నా అయితే రేపు మా అన్నకి నేను జవాబు చెప్పుకోవాలి."

పిన్ని తాగింది. తాగి, మూత బిగిస్తూ అడిగింది, "నీ చిన్నప్పుడు లావు ఆల్చిప్పలు ఎక్కడ దొరికేవే?"

సాయ్‌యున్ బుట్ట కింద పెట్టింది. నీళ్ళలో వేలెడంత ఆకుపచ్చ ఆకులు ఒకవైపుకి వంగి ఊగుతున్నాయి. వాటిని చూస్తూనే, "గడ్డి అంచున" అంది.

తర్వాతి ఆటుకి మేం వెళ్ళేసరికి ఆ చోటు చుట్టూ వెదురు గడలు పాతి ఉన్నాయి, ఒక్కో గడకి ఎర్ర గుడ్డపీలిక. సాయ్‌యున్ తన పాత బొంత చింపి కట్టింది. ఆ గడలు దాటిన ఇద్దరు ముగ్గురికి ఆమె పెట్టిన చీవాట్లు ఒడ్డుదాకా వినిపించాయి. పిన్ని పీట ఇంటికి తెచ్చేసుకుంది.

అది జరిగి ఆరేళ్ళయింది. ఇప్పుడు గడ్డి ఒక కళ్ళమంత మేర పరుచుకుంది. చలికాలం హంసలు అక్కడ దిగుతున్నాయి. పోయిన శరదృతువులో గాలి కొట్టాక మొదటిసారి గడ్డి ఒడ్డున పడింది, రెండు చేతులా పట్టేంత. పిన్ని దాన్ని దులిపి, ఆరబెట్టి, పొడుగూ పొట్టీ వేరు చేసింది. సొంత ఇంటి చూరుకి పెడుతుందనుకున్నాం. కానీ తీసుకెళ్ళి సాయ్‌యున్ వాళ్ళ కోళ్ళగూటి మీద కప్పింది. పెంకుటింటి పెరట్లో కోళ్ళకి మాత్రం తాతల నాటి దర్జా పట్టిందని సాయ్‌యున్ అందరికీ చెప్పుకు తిరిగింది.

పిన్నికి డెబ్బై నాలుగు. మోకాళ్ళు మొరాయిస్తున్నాయి, నిచ్చెన మానేసింది. దాచిన పాత గడ్డితో చిన్నచిన్న మరమ్మతులు చేయడానికి కప్పు మీద ఇప్పుడు నేనూ, తాన్ మామ కోడలూ ఉంటాం. ఆమె వీధిలో కుర్చీ వేసుకుని, ఎడమవైపు లోతయిందని కేక వేస్తుంది.

పోయిన నెల ఊరి సమావేశంలో ఆల్చిప్పలవాళ్ళు ఉత్తరపు గట్టు పక్కన ఇంకో మడి గీకకుండా గడ్డికి వదిలేస్తామని వాళ్ళంతట వాళ్ళే చెప్పారు. ఒక ఇంటికి సరిపడా గడ్డి రావాలంటే ఇంకా ఎన్నేళ్ళు పడుతుందో లెక్కగట్టబోయాను. పిన్ని నన్ను పూర్తి చేయనివ్వలేదు.

"ఆ లెక్క తర్వాత. ఈసారి పిలకలకి రాళ్ళు కట్టడానికి సాయ్‌యున్ వస్తానందా లేదా, ముందు అది కనుక్కుని రా."