కాఫీకి మాత్రం రూపాయలు

2023 సెప్టెంబరు నెల. అప్పటికి నేను బ్యాంకు ఉద్యోగం నుంచి రిటైరై ఎనిమిదేళ్లు. ముప్పై నాలుగేళ్ల సర్వీసులో మొదటి పదకొండేళ్లు కృష్ణగిరిలో, మిగిలినవి హోసూరులో. చివరి తొమ్మిదేళ్లు కార్డుల సెక్షన్ చూశాను. ఇప్పుడు బాగలూరు రోడ్డులోని ఒక ట్రావెల్ ఆఫీసులో వారానికి మూడు ఉదయాలు కూర్చుంటాను. టికెట్లు, వీసాలు వాళ్లు చూసుకుంటారు. విదేశానికి పోయేవాళ్లు డబ్బు ఏ రూపంలో తీసుకుపోవాలి, ఏ కార్డు మంచిది అన్నది నేను చెప్తాను. గులాబీ తోటల వాళ్లు వస్తారు, ఫ్యాక్టరీల వాళ్లు వస్తారు, చదువుకోవడానికి పోయే పిల్లలు వస్తారు.

తమిళనాడు సరిహద్దు ఊరైన హోసూరులో కౌంటరు వెనక కూర్చున్న ఎవరికైనా ఒక అలవాటు వచ్చి తీరుతుంది. ఎదుటి మనిషి తమిళంలో అడిగితే తమిళంలో, కన్నడంలో అడిగితే కన్నడంలో, తెలుగులో అడిగితే తెలుగులో బదులివ్వడం. ఎవరూ నేర్పరు. మన కోసం మన మాటలోకి వచ్చిన మనిషికి వేరే మాటలో బదులిస్తే, ముఖం తిప్పుకున్నట్టే ఇక్కడ.

వెంకటేశప్ప ఒక మంగళవారం వచ్చాడు. కెలవరపల్లి ఆయనది, వయసు అరవై మూడు. ఇరవై ఆరేళ్లు ఒక ఫ్యాక్టరీలో గ్రైండింగ్ మిషన్ నడిపాడు. ఇనుప కడ్డీలను వెంట్రుక మందం తేడా కూడా రాకుండా నున్నగా అరగదీసే మిషన్ అది. భార్య పోయి మూడేళ్లు, పిల్లలు లేరు. ఇవన్నీ ఫారం కోసం నేను అడిగితే చెప్పినవి. అడగకపోతే చెప్పే మనిషి కాదు.

"ఫారిన్లో వాడితే ఫీజు పట్టుకోని కార్డు ఉంటాదంట కదమ్మా. అది గావాల."

"ఏ దేశానికప్పా?"

"జర్మనీకి."

"ఎవరున్నారక్కడ?"

"పీటర్ ఉండాడు."

ఆయన నడిపిన గ్రైండింగ్ మిషన్ జర్మనీ నుంచి వచ్చింది. పెద్ద రిపేరు వస్తే కంపెనీ వాళ్లు పంపే ఇంజనీరు పీటర్. మొదటిసారి వచ్చినప్పుడు, ఫ్యాక్టరీలో మనుషులు పొద్దున్నే ఒకరినొకరు తిన్నావా అనడానికి "తింటివా?" అని పలకరించుకోవడం విన్నాడట. మర్నాడు మిషన్ దగ్గరికి వస్తూనే "వెంకటేశా, తింటివా?" అన్నాడట. ఆ ఒక్క మాట తప్ప ఆయనకు తెలుగు రాలేదు. వెంకటేశప్పకు జర్మన్ రాదు. ఇంగ్లీషు ఇద్దరికీ అంతంత మాత్రం. వచ్చిన ప్రతిసారీ సాయంత్రాలు ఇద్దరూ కెలవరపల్లి డ్యామ్ గట్టు మీద కూర్చునేవాళ్లట.

"ఏం మాట్లాడుకునేవాళ్లప్పా?"

"ఏం లేదమ్మా. నీళ్లు చూస్తా ఉంటిమి."

ఇప్పుడు పీటర్‌కు పక్షవాతం వచ్చి మాట పోయింది. చిన్న ఊళ్లో ముసలివాళ్లను చూసుకునే హోమ్‌లో ఉన్నాడు. వీలైతే ఒకసారి రమ్మని ఆయన భార్య ఫోన్లో మెసేజ్ పెట్టింది.

"ఆయప్ప మన ఊరికి ఏడుసార్లు వచ్చినాడు. నేను ఒక తూరన్నా పోవద్దా?" అన్నాడు వెంకటేశప్ప.

ఇక నా పని. మన కార్డును బయటి దేశంలో వాడినప్పుడు బ్యాంకు అదనంగా వేసుకునే రుసుమును ఫారెక్స్ మార్కప్ అంటారు. మామూలు కార్డుల్లో అది చాలావరకు మూడున్నర శాతం. దాని మీద పద్దెనిమిది శాతం జీఎస్టీ. రెండూ కలిపి నూటికి నాలుగు రూపాయల పదమూడు పైసలు. టికెట్టు, వీసా పోగా ఆయన అక్కడి ఖర్చుకు పెట్టుకున్నది లక్ష లోపు. లక్షకు మార్కప్ 4,130. హోమ్ పక్కనే ఉన్న గెస్ట్ హౌస్‌లో గది రోజుకు నలభై ఆరు యూరోలు. యూరో తొంభై లెక్కన 4,140.

"పది రూపాయలు తక్కువగా ఒక రోజు అద్దె," అన్నాను.

ఆయన ఆ మాట పట్టుకున్నాడు. "అంటే ఫీజు కడితే పదకొండు రోజులు. కట్టకపోతే పన్నెండు."

"అంతే."

"పన్నెండే గావాలమ్మా."

ఫారెక్స్ కార్డు అని ఒకటి ఉంది. ముందే యూరోలు నింపుకుని పోయే కార్డు. అందులో నింపేటప్పుడు రేటులో కొంత పోతుంది, మిగిలిన యూరోలను తిరిగి రూపాయలు చేసుకునేటప్పుడు ఇంకొంత పోతుంది. మార్కప్ లేని క్రెడిట్ కార్డులూ ఉన్నాయి. అయితే మార్కప్ లేదన్న సంబరంలో ఏడాది ఫీజు చూడకుండా తీసుకునేవాళ్లు ఎక్కువ. ఏడాదికి రెండు వేలు కట్టే కార్డుతో నాలుగు వేలు మిగిలించుకుంటే మిగిలింది రెండే కదా. ఏడాది ఫీజు కూడా లేనిది ఒకటి ఆయనకు సరిపోయింది. కానీ రిటైరైన మనిషికి జీతం కాగితం లేదు. అలాంటప్పుడు సెక్యూర్డ్ కార్డు తీసుకోవాలి. అంటే బ్యాంకులో ఫిక్స్‌డ్ డిపాజిట్ వేస్తే, దాన్ని హామీగా పట్టుకుని కార్డు ఇస్తారు. లక్షా పదివేలు వేస్తే అందులో తొంభై శాతం, తొంభై తొమ్మిది వేలు, వాడుకునే లిమిట్.

"నా డబ్బు వాళ్ల దగ్గర పెట్టి, దాన్నే వాళ్ల దగ్గర అప్పు తీసుకోవాలా?"

"అవునప్పా."

"బాగుండాది యవ్వారం!" అని నవ్వాడు. ఆ రోజు నవ్వింది ఆ ఒక్కసారే.

కార్డు వచ్చాక మళ్లీ కూర్చోబెట్టి మూడు విషయాలు చెప్పాను. ఒకటి, బయలుదేరేముందు యాప్‌లో విదేశీ వాడకం ఆన్ చేసుకోవాలి. రెండు, క్రెడిట్ కార్డుతో ఏటీఎంలో నగదు తీయకూడదు, తీసిన రోజు నుంచే వడ్డీ. మూడోది అన్నిటికంటే ముఖ్యం. అక్కడి దుకాణాల్లో మిషన్ మన కార్డును గుర్తుపట్టి, బిల్లు యూరోల్లో కడతావా, రూపాయల్లో కడతావా అని అడుగుతుంది. దీన్ని డైనమిక్ కరెన్సీ కన్వర్షన్ అంటారు. చూడటానికి మర్యాదగానే ఉంటుంది. రూపాయలు నొక్కితే మాత్రం ఆ మిషన్ వాళ్లు తమ రేటు వేసుకుంటారు, నూటికి నాలుగో ఐదో ఎక్కువ పడుతుంది. మార్కప్ లేని కార్డు తీసుకున్న ఫలితం అక్కడితో సరి.

కాగితం మీద రెండు గళ్లు గీసి, ఒకదాంట్లో యూరో, ఒకదాంట్లో రూపాయి గుర్తు వేశాను.

"నేను కాఫీ అమ్మేదాన్ని. ఏది నొక్కుతారు?"

"యూరో."

"గది ఖాళీ చేస్తున్నారు. ఏది?"

"యూరో. మా అయ్యోరు కూడా ఇన్నిసార్లు అడగలేదమ్మా ఎక్కాలు."

అక్టోబరులో వెళ్లాడు. చేరిన మర్నాడు మధ్యాహ్నం మూడున్నరకు నాకు ఫోన్ వచ్చింది. అక్కడ అది పన్నెండు గంటలు. మొదటి ఫోన్ ఏదో సందేహం కోసం. రెండో రోజు సందేహం ఏమీ లేదు, అయినా అదే వేళకు చేశాడు.

"బస్సుకు రెండు యూరోలమ్మా. సూపు, రొట్టె ఏడున్నర. కాఫీ మూడు."

నేను రాసుకున్నాను. "పీటర్ ఎట్లున్నాడు?"

"ఉండాడు. కండ్లు తెరిచి చూసినాడు. నన్ను గుర్తుపట్టినాడో లేదో తెలీదు."

ప్రతి రోజూ మూడున్నరకు అంకెలు చెప్పేవాడు. మా ఇంట్లో ఉండేది నేనొక్కదాన్నే. ఆ వేళకు నా ఫోన్‌కు వచ్చేవి బ్యాంకు మెసేజ్‌లే. నాలుగో రోజు నుంచి మూడుంబావుకే పెన్ను తీసి పెట్టుకోవడం మొదలుపెట్టాను.

అయిదో రోజు చలి తట్టుకోలేక కోటు కొన్నాడు. అరవై నాలుగు యూరోలు. నేను ఆ పూటంతా లెక్క తిరగేశాను. గది అద్దె చివరి రోజు ఒకేసారి కట్టాలి. పన్నెండు రోజులకు 552 యూరోలు, 49,680 రూపాయలు. కోటు పోగా, మిగిలిన రోజుల తిండి, తిరుగు ప్రయాణం రైలు తీసేస్తే చివరి రోజుకు కార్డులో ఉండేది 50,400. ఏడు వందల ఇరవై రూపాయలు మాత్రమే ఎక్కువ. అది దాటితే కార్డు తీసుకోదు, అంటే ఒక రోజు ముందే గది ఖాళీ చెయ్యాలి. ఆయన వేరే డబ్బు తీసుకుపోలేదు.

ఏడో రోజు ఫోన్లో, "కాఫీ రెండు వందల ఎనభై ఒక్క రూపాయి" అన్నాడు.

"రూపాయలెక్కడి నుంచి వచ్చినాయి?"

పెన్ను పక్కన పెట్టి మళ్లీ అడిగాను.

"మిషన్లో ఏది నొక్కినారప్పా?"

"రూపాయి నొక్కినాను."

"నేనేం చెప్పినాను?"

"తెలుసమ్మా. మర్చిపోయి కాదు."

ఎనిమిదో రోజూ అదే, రెండు వందల ఎనభై ఒకటి. అప్పుడు నాకు కోపం వచ్చి నువ్వు అనేశాను. "నీకు పన్నెండో రోజు కావాలా, వద్దా? ఇంత దూరం పోయి ఇట్లా నొక్కుకుంటా కూర్చుంటే గది బిల్లుకు తక్కువ పడుతుంది. ఆ రోజు నిన్ను బయట నిలబెడతారు. ఎవరిని అడుగుతావు ఆడ?"

"ఎవర్నీ లేదమ్మా," అన్నాడు. ఆ తర్వాత చెప్పుకుంటూ పోయాడు, అంత మాట ఒకేసారి ఆయన నోట నేను ఎప్పుడూ వినలేదు. "ఎనిమిది దినాలాయె. పీటర్ భార్య పొద్దున వచ్చి ఒక తూరి నా చెయ్యి పట్టుకోని పోతాది. క్యాంటీన్లో పనిచేసే ఆయమ్మ కాఫీ పెట్టి మిషను నా తట్టు తిప్పుతాది, ఏం మాట్లాడదు. పీటర్ కిటికీ తట్టు చూస్తా ఉంటాడు. నేను పొయ్యి తింటివా అంటాను. బదులు రాదు. ఆ మిషనొక్కటే, మన రూపాయి గుర్తు ఏసి మన లెక్కలో అడగతాది నన్ను. మన హోసూర్లో ఎవరన్నా మన మాటలో పలకరిస్తే మన మాటలోనే గదమ్మా బదులు చెప్తాము? కాదనబుద్ధి గాలేదు."

ముప్పై నాలుగేళ్లు కౌంటరులో నేను చేసిన పని అదే. కాగితం ముందుకు లాక్కున్నాను.

మూడు యూరోల కాఫీకి అసలు పడాల్సింది 270. ఎక్కువ పడింది పదకొండు రూపాయలు. పన్నెండో రోజు దాకా రోజుకొక్క కాఫీ. అన్నీ కలిపినా అరవై ఆరు. నా దగ్గర ఉన్న వెసులుబాటు 720. అదే గది బిల్లును రూపాయల్లో నొక్కితే రెండు వేల దాకా ఎక్కువ పడుతుంది, కార్డు తీసుకోదు.

"వెంకటేశప్పా, వింటున్నారా? కాఫీకి రూపాయలు నొక్కండి. రోజుకు ఒక్క కాఫీకి. సూపుకు వద్దు, బస్సుకు వద్దు. గదికి మాత్రం యూరో."

"సరేమ్మా."

"గదికి ఏది?"

"యూరో."

పన్నెండు రోజులూ అయ్యాక, మర్నాడు పొద్దున ఫోన్ చేశాడు. అక్కడ ఇంకా తెల్లవారుతూ ఉండాలి. "గది బిల్లు కట్టినానమ్మా. యూరోలో. రూపాయలు కూడా చూపించినాది మిషను. వద్దు, సారీ అన్నాను దానికి. కౌంటర్లో పిల్లోడు నన్నే చూస్తా ఉన్నాడు."

తిరిగి వచ్చిన నెలకు ఆఫీసుకు వచ్చాడు. పీటర్ పోయాడని ఆయన భార్య మెసేజ్ పెట్టిందట. కార్డు మూసేసి డిపాజిట్ వెనక్కి తీసుకోవాలని వచ్చాడు.

"ఏడాది ఫీజు లేదు కదప్పా. ఉండనివ్వండి, నష్టం లేదు."

"ఊరికే ఇంట్లో ఉంటే యాడికో పోవాల్సి ఉన్నట్టే ఉంటాదమ్మా. ఇంక యాడికి పోతాను?"

ఫారం తీసి ఇచ్చాను. సంతకం పెడుతుంటే అడిగాను. పదకొండు రోజులు కాదు, పన్నెండు కావాలని పట్టుబట్టిన మనిషి కదా. "ఆ పన్నెండో రోజు ఏమైందప్పా?"

"ఏం గాలేదు. పొద్దంతా పండుకోనే ఉన్నాడు. నేను పక్కన కూసోనుంటిని. డ్యాము మీద కూసున్నట్టే." పెన్ను మూత పెట్టి నాకు ఇచ్చాడు. "వచ్చేటప్పుడు తింటివా అని అడిగినాను. నిద్రలో ఉన్నాడు. ఆయప్ప బదులు నేనే, తింటిని అని చెప్పి వచ్చినాను."

ఆ తర్వాత ఆయన ఫోన్ చేయలేదు. చేయడానికి లెక్క ఏదీ లేదు.

విదేశాల్లో ఫీజు లేని కార్డు ఏది అని అడిగేవాళ్లకు నేను ఇప్పటికీ అదే వరసలో చెప్తాను. మార్కప్ చూడండి, ఏడాది ఫీజు చూడండి, ఏటీఎం జోలికి పోకండి, మిషన్ అడిగితే ఆ దేశం డబ్బే నొక్కండి. ఇందులో మారింది ఏమీ లేదు. అయితే ఇప్పుడు ఇంకో ప్రశ్న అడుగుతున్నాను. అక్కడ మీతో మాట్లాడేవాళ్లు ఎవరైనా ఉన్నారా అని. లేరు, ఒక్కరే పోతున్నాం అంటే ఒక మాట కలుపుతాను. రోజుకు ఒక్క కాఫీకి మాత్రం రూపాయలు నొక్కుకోవచ్చు, పదకొండు రూపాయలే పోతాయి అని.

ఎక్కువమంది నవ్వుతారు. నవ్వనివాళ్లకు కాగితం వెనక నా ఫోన్ నంబరు కూడా రాసి ఇస్తాను. మధ్యాహ్నం మూడున్నర తర్వాత ఖాళీగానే ఉంటానని చెప్తాను.