పెరగని పిల్లల సొరుగు

మ్యూజియంలో ఆవిడని అందరూ చిప్పలమ్మ అంటారు. ఎదురుగా అన్నా ఏమీ అనుకోదు. వెనకాల అంటే మాత్రం ఊరుకోదు. "ఆ అనేదేదో గట్టిగా అనండి, నాక్కూడా వినపడాలి కదా" అంటుంది. రెండో అంతస్తులో, మెట్ల పక్కనున్న పొడుగాటి గది ఆవిడ రాజ్యం. మూడు వందల నలభై సొరుగులు, వాటి నిండా సముద్రపు చిప్పలు. ఏ సొరుగులో ఏముందో కళ్లు మూసుకుని చెప్పగలదు; అడగకపోయినా చెబుతుంది. డాక్టరేటు లేదు. కాగితాల్లో హోదా సాంకేతిక సహాయకురాలు. ఆ మాటకొస్తే, ఆ గదిలో ఎవరు ఎవరికి సహాయకులో చూసినవాళ్లకి ఇట్టే తెలిసిపోతుంది.

ఆవిడ తగువంతా నూట తొమ్మిదో సొరుగుతో. అందులో ఉన్నవి స్కాలప్‌లు. విసనకర్రలా విచ్చుకున్న రెండు చిప్పలు, పైన రెండు చెవులు, చిప్ప మీద నిలువునా గట్లు, గట్ల మధ్య చాళ్లు. లోపల బతికే జీవి ఆ చిప్పల్ని టపటపా కొట్టుకుంటూ ఈదుతుంది. ఈ సొరుగులోవన్నీ వెచ్చటి సముద్రంలో ఒకే పగడపు దిబ్బ పక్కన దొరికినవి, బొటనవేలి గోరంత. సొరుగు మీద చీటీ ఉంది: "పిల్లలు". అంటే అక్కడే దొరికే అరచేయంత స్కాలప్‌కి పిల్లలని. రాసింది పెద్దసారు. ఆవిడ ఉద్యోగంలో చేరినప్పుడు విభాగానికి పెద్ద ఆయనే, పని నేర్పిందీ ఆయనే.

"నిజం పిల్లలు లేవని నేననడం లేదు" అనేది చిప్పలమ్మ, వినేవాళ్లు దొరికితే చాలు. "కానీ వాటి మధ్య పొట్టి పెద్దవాళ్లు దూరి కూర్చున్నారు. పిల్ల చిప్ప మీద, పెరిగేకొద్దీ పడే గీతలు ఎడంఎడంగా ఉంటాయి. వీటికి అంచు దగ్గర ఒకదాని మీద ఒకటి ఎక్కేశాయి. ఇక పెరిగేది లేదని చిప్పే చెబుతోంటే పిల్లలంటారేమిటి? పెద్దసారు ఇక్కడ పప్పులో కాలేశారు."

ఆ మాట అనడం మొదలుపెట్టి పదేళ్లయింది. అనడంతో ఆగితే చిప్పలమ్మ ఎందుకవుతుంది? ఆరేళ్లపాటు మధ్యాహ్నం భోజనం అయ్యాక మిగిలిన అరగంటలన్నీ కూడబెట్టి, పధ్నాలుగు పేజీల వర్ణన రాసింది. పొడవెంత, చెవులెంత, గట్లెన్ని, కుడి చిప్ప చెవి కింద ఉండే నొక్కులో దువ్వెనలాంటి పళ్లెన్ని, అన్నీ. ఇదొక కొత్త జాతి అని తేల్చింది.

కొత్త డైరెక్టరు వయసులో చిన్నవాడు, మర్యాదస్తుడు. కాగితాలు తిరగేసి నసిగాడు. "మీ ఒక్కరి పేరే వేస్తారా మేడమ్? పక్కన ఒక డాక్టరేటు ఉంటే కాస్త బరువుగా ఉంటుందేమో."

"చిప్ప పదహారు మిల్లీమీటర్లే సార్. ఆ బరువు నేను మోయగలను."

ఆయన నవ్వి సంతకం పెట్టాడు. వ్యాసం పత్రికకి వెళ్లింది.

మూడు నెలలకి, పత్రిక తరఫున వ్యాసం చదివిన పరిశీలకుడి ఉత్తరం వచ్చింది. కామాలు, చుక్కలు, బొమ్మల కొలతలు, మామూలు సణుగుడే. చివరి పేరాలో మాత్రం అసలు దెబ్బ ఉంది. కొత్త జాతికి పేరు పెట్టాలంటే ఒక్క జత చిప్పలని ఎంచి, ఈ పేరు దీనిదని లోకానికి చూపించాలి. దాన్ని మూల నమూనా అంటారు. ఆవిడ పంపిన మూల నమూనా ఫొటోలో కుడి చిప్పకి పంతొమ్మిది గట్లు, ఎడమ చిప్పకి ఇరవైమూడు. 'ఒక చిప్ప గట్టు రెండోదాని చాలులో కూర్చోవాలి. ఇవి కూర్చోవు. మీరు చూపిస్తున్నది ఒక జీవిని కాదు, రెండింటిని. మూల నమూనానే ఇలా ఉంటే మిగతా లెక్కల్ని ఎలా నమ్మమంటారు?'

చిప్పలమ్మ ఆ పేరా మళ్లీ చదివింది. స్కాలప్ గుట్టంతా కుడి చిప్పలో ఉంటుందని, నొక్కూ దువ్వెనా అక్కడే ఉంటాయని, లెక్కలన్నీ కుడి చిప్పల మీదే కట్టింది. ఎడమది ఎలాగూ దాని జతే కదా అని ఫొటో తీసి పంపేసింది. పరుగున వెళ్లి పెట్టె తెరిచింది. జతని కట్టిన దారం నీలం రంగుది, రెండు ముళ్లు. ఆ దారం భర్త టైలరింగ్ షాపుది. ఆ ముడి తనది.

అప్పుడు గుర్తొచ్చింది. ఉద్యోగంలో చేరిన మూడో నెలలో, రంగులేసేవాళ్లు బీరువా జరపబోతే ఈ సొరుగు బోర్లాపడి చిప్పలన్నీ విడివిడిగా చెల్లాచెదురైపోయాయి. కొత్త ఉత్సాహం మీద సైజు చూసి సైజు కలిపి, రెండు రోజుల్లో రెండు వందల పన్నెండు జతలూ కట్టేసింది. అందరూ భేష్ అన్నారు. ఆ భేష్ తలచుకుని ఎన్నేళ్లు మురిసిపోయిందో!

డైరెక్టరు ఉత్తరం చదివి తలుపు దగ్గరగా వేశాడు. "కంగారుపడకండి మేడమ్. ఫొటోలు తారుమారయ్యాయని రాసేద్దాం. ఇంకో మంచి జత పంపండి. ఎవరికి తెలుస్తుంది?"

"నాకు తెలుస్తుంది కదా సార్. ముళ్లన్నీ విప్పుతాను. జాతి నిలబడితే నిలబడుతుంది, లేకపోతే పోతుంది."

"పోతే మీ ఆరేళ్లూ పోతాయి. మళ్లీ మీ పేరుతో ఏది పంపినా వాళ్లు ముట్టుకోరు."

"తెలుసు సార్" అంది.

ఇంటికొచ్చి సంగతి చెబితే, బఠానీలు వొలుస్తున్న అత్తగారు చేతిలో కాయ వదిలేసి గుడ్లప్పగించి చూసింది. "నువ్వు తప్పు చేశావా? నీ నోటితో నువ్వే అంటున్నావా? కాపరానికొచ్చిన ఇన్నేళ్లలో ఒక్కసారన్నా ఒప్పుకున్నావటే!"

"ఇంట్లో చెయ్యలేదు కాబట్టి ఒప్పుకోలేదు అత్తయ్యా."

"పోనీలే అమ్మాయ్. అక్కడ మొదలుపెట్టు, మెల్లగా ఇంటిదాకా వస్తుంది."

మెడలో టేపుతో అప్పుడే వచ్చిన భర్త నవ్వు ఆపుకోలేక మంచినీళ్ల వంకతో చల్లగా లోపలికి జారుకున్నాడు.

మర్నాటి నుంచి పది రోజులు ముళ్లు విప్పింది. కుడి చిప్పలు ఒక బల్ల మీద, ఎడమ చిప్పలు ఇంకో బల్ల మీద. ఒక్కో కుడి చిప్పకి ఎడమది తెచ్చి మూసి, దీపానికి ఎదురుగా పెట్టి చూడటం. అంచుల మధ్య వెలుతురు రాకపోతే జత కుదిరినట్టు. రోజూ సాయంత్రానికి కళ్లు మండేవి, తలప్రాణం తోకకొచ్చేది. ముప్ఫై ఏడు జతలు తప్పుగా కట్టినవి తేలాయి. మూల నమూనా కుడి చిప్పకి అసలు జోడు నూట అరవై ఎనిమిదో జతలో ఒక పిల్ల చిప్పతో కాపరం చేస్తోంది. రెండింటినీ తెచ్చి మూసింది. గట్టు చాలులో, చాలు గట్టులో, మధ్య సందు లేదు. చిప్పలమ్మ కుర్చీలో కూర్చుని ఒక్కతే గట్టిగా నవ్వింది. అంత సంతోషం ఆవిడకి ఈ మధ్యకాలంలో కలగలేదు.

అన్ని జతలూ కుదిరాక రెండు వైపులా లెక్క కట్టింది. పొట్టివాటికి పద్దెనిమిదో పంతొమ్మిదో గట్లు. పిల్లలకి ఇరవై రెండు నుంచి ఇరవై నాలుగు. మధ్యలో ఒక్కటీ లేదు. తప్పు దిద్దుకుంటే జాతి పోవడం మాట అటుంచి, మునుపటికంటే గట్టిగా నిలబడింది.

కొత్త చీటీ పెట్టడానికి పాతది చేతిలోకి తీసుకుంది. ఇన్నేళ్లూ దాని మీద పెద్దక్షరాలే చదివింది. కింద సన్నటి అక్షరాలతో ఇలా ఉంది: 'ఒకే జీవికి ఒక చిప్ప మీద 19 గట్లు, మరో దాని మీద 23. గట్ల సంఖ్య నమ్మదగింది కాదు. అన్నీ ఒకే జాతి.' ఆ కింద తేదీ. తను ముళ్లు వేసిన నాలుగు నెలల తర్వాతిది.

పెద్దసారు ముందున్నవి తను కట్టిన జతలు. ఆయన చూసింది చూసినట్టు రాశాడు. పదేళ్లుగా ఆయన పప్పులో కాలేశాడని ఊరంతా టముకు వేసింది తను.

ఆ మధ్యాహ్నమే సెలవు పెట్టి ఆయనింటికి వెళ్లింది. ఎనభై దాటిన మనిషి, చూపు బాగా తగ్గింది. కిటికీ పక్కన కుర్చీలో కూర్చుని ఆవిడ గొంతు విని గుర్తుపట్టాడు. ఆవిడ ముక్కుసూటిగా మొదలుపెట్టి, దాచకుండా చెప్పేసింది. పదేళ్లు తను అన్న మాటలు కూడా చెప్పింది.

"తప్పు నాది సార్. మీ మీద వేశాను. నన్ను క్షమించండి."

"ఒక జత మూసి చూశానమ్మా" అన్నాడాయన. "సరిగ్గా కూర్చోలేదు. అంచు ఎక్కడో విరిగిందేమో అని సరిపెట్టుకున్నాను. ముడి విప్పి మిగతావి కూడా చూద్దామనిపించింది. నువ్వు కొత్తగా చేరావు. రెండు రోజులు తిండి మానేసి కట్టావు. విప్పితే చిన్నబుచ్చుకుంటావని విప్పలేదు."

ఏ మాటకైనా జవాబు నాలుక చివర ఉండే చిప్పలమ్మకి ఏడుపొచ్చింది, ఏడ్చింది.

"ఏం రాశావు, చదువు" అన్నాడాయన.

సంచిలోంచి కాగితాలు తీసి చదివింది. కొత్తగా చేర్చిన వాక్యం దగ్గర ఆపమన్నాడు. 'ఈ చిప్పల్ని తప్పుగా జతకట్టిన పొరపాటు ఈ రచయితది.' ఆయన తల అడ్డంగా ఊపి, దాని పక్కన ఇంకోటి రాయించాడు: 'అనుమానం వచ్చి కూడా ముడి విప్పి చూడని పొరపాటు అప్పటి విభాగాధిపతిది.'

"వద్దు సార్. అది నేను రాయలేను."

"రాయి. పొరపాటు నీ ఒక్కదానిదే అని పడితే అది అబద్ధం. అబద్ధం రాయమని నీకు నేను నేర్పలేదు."

నెల తిరక్కుండా పత్రిక జవాబిచ్చింది. సవరించిన వర్ణన చాలా బాగుంది, కొత్త జాతిని అంగీకరిస్తున్నాం, అయితే పొరపాట్ల గురించిన వాక్యాలు రెండూ శాస్త్రానికి అనవసరం, తీసేయండి. డైరెక్టరు సంబరంగా మెట్లెక్కి వచ్చి, "రెండు వాక్యాలే కదా మేడమ్, కొట్టేయండి, అయిపోతుంది" అన్నాడు.

చిప్పలమ్మ ససేమిరా అంది. వేస్తే రెండు వాక్యాలతో వేయండి, లేకపోతే వ్యాసం తిప్పి పంపండి అని అప్పటికప్పుడు ఒకే లైను జవాబు రాసి, డైరెక్టరు చేతికే ఇచ్చి టపాలో వేయమంది. ఆయన బుర్ర గోక్కుంటూ కిందికి దిగాడు.

వ్యాసం ఆ రెండు వాక్యాలతోనే అచ్చయింది. చిప్పలమ్మ పత్రిక తీసుకుని పెద్దసారింటికి వెళ్లి, మొదటి మాట నుంచి ఆఖరి కొలత దాకా గట్టిగా చదివి వినిపించింది. ఆ రెండు వాక్యాల దగ్గరికి వచ్చాక, అవి రెండూ ఉన్నాయో లేదోనని ఆయన రెండుసార్లు చదివించుకున్నాడు.