శాంతం కోసం పడవెక్కిన రోజు

మనశ్శాంతి కోసం కళ్ళు మూసుకుని కూర్చుని, కూర్చున్నచోటు నుంచే దేశం దాటబోయిన మనిషిని మీరెప్పుడూ చూసి ఉండరు. ఇటు చూడండి, నేనే. ఆ పొద్దు ఇంకాస్త ఆలస్యంగా కళ్ళు తెరిచి ఉంటే, ఈ సంగతి చెప్పడానికి పుదుచ్చేరిలో ఉండేవాణ్ణే కాదు.

అప్పట్లో ఊరు ఫ్రెంచి దొరలది, కోపం నాది. నేత మిల్లులో పని చేసేవాణ్ణి. చారులో ఉప్పు తగ్గిందని ఒకనాడు గిన్నె తీసి వీధిలోకి విసిరాను. అది వెళ్ళి ఎదురింటి అరుగు మీద గుడిగంటలా మోగింది. నా భార్య అలివేలు గిన్నె తెచ్చి, కడిగి, బోర్లించి, విల్లియనూరులో పుట్టింటికి వెళ్ళిపోయింది. కొన్నాళ్ళకు మా మామ కబురు పంపాడు: "ఆదివారం మధ్యాన్నం లోపల వచ్చి, శాంతంగా మాట్లాడి, పిల్లను పిల్చుకోని పో. రాకపోతే ఇంకెప్పుడూ రావాకు."

పక్కింటి తాత దగ్గరకు పరిగెత్తాను.

"కోపం పోవాలంటే ఏంది దారి, తాతా?"

"తెల్లారి సముద్రం కాడికి పో. కండ్లు మూసుకో. ఎవురేమన్నా, ఏం జరిగినా గమ్మునుండు. దినామూ చేస్తే నిదానంగా కుదురుతాది."

ఆ 'దినామూ', ఆ 'నిదానంగా' నా చెవికెక్కలేదు. పొద్దున్నే మునినైపోయి, మధ్యాహ్నానికి మామ ముందు నిలబడాలని నా తొందర.

ఆదివారం తెల్లవారగానే అలివేలు కోసం కొన్న చీర, అరటిపళ్ళు మూట కట్టుకుని తీరానికి వెళ్ళాను. ఇసుకలో కూర్చుంటే ఎండ్రకాయలు కాలివేళ్ళను పలకరిస్తున్నాయి. పక్కనే నీటి అంచున ఎత్తైన పడవ ఒకటి ఖాళీగా ఉంది. ఎక్కి, మూట ఒళ్ళో పెట్టుకుని కళ్ళు మూశాను.

కాసేపటికి చుట్టూ అలికిడి. పెట్టెలు దించుతున్న చప్పుడు. ఒక బొంగురు గొంతు, "ఏం సామీ, పోదామా?" అంది.

నన్ను లేపి పంపాలని చూస్తున్నాడనుకున్నాను. మామూలుగా అయితే వాడి ఏడు తరాలనూ తిట్టేవాణ్ణి. ఇప్పుడు మునిని కదా! చిరునవ్వు నవ్వాను.

"నవ్వుతాండాడు. పాపం, అలలంటే భయమేమో, కండ్లు మూసుకున్నాడు. తొయ్యండ్రా!"

నాకు కోపం తెప్పించాలని ఆటలాడుతున్నారు, నేను పడతానా అనుకున్నాను. ఇంతలో ఒళ్ళు తేలిపోతున్నట్టనిపించింది. పైకి, కిందికి, మళ్ళీ పైకి. ఇంత తొందరగా ఫలిస్తుందని తాత చెప్పలేదే అని మురిసిపోయాను కూడా! అప్పుడు బిందెడు ఉప్పునీళ్ళు మొహాన కొట్టాయి.

కళ్ళు తెరిచాను. తీరం ఎక్కడో గీతలా ఉంది. ఎదురుగా ఇనుప కొండలాంటి ఓడ.

"యాడికి పోతాంది ఈ పడవ?" అని అరిచాను.

"సైగోను ఓడకాడికి, ఇంకేడికి? మూట కూడా తెచ్చుకుంటివి కదా!" అన్నాడు ఆ బొంగురు గొంతువాడు. పడవను నడిపే తండేలు అతనే. సైగోను అంటే సముద్రాలకవతల ఫ్రెంచి దొరలేలే ఇంకో ఊరు.

"తిప్పు! వెనక్కి తిప్పు! నేను విల్లియనూరు పోవాల!"

"ఈ అలల్లో తిప్పితే అందరం మునిగిపోతాం. కూకో!"

పడవ ఓడను ఆనుకుంది. నిచ్చెన మీదున్న నావికుడు ఒక్కొక్కరినీ చేయి పట్టి లాగి పైకి పంపుతున్నాడు. నా వంతు రాగానే నా మణికట్టు కూడా దొరకబుచ్చుకున్నాడు. చెయ్యి కాదది, పట్టకారు! నేను గింజుకున్నాను, బూతులు లంకించుకున్నాను. వాడు ఇంకా గట్టిగా లాగాడు. నా కాలొకటి నిచ్చెన మీదికి వెళ్ళిపోయింది.

తండేలు గాభరాగా వెనకనుంచి నా పంచె పట్టుకున్నాడు. "అరవమాక సామీ! అరిస్తే బయానా తీసుకోని పారిపోయే కూలీ అనుకుంటారు. ముందు ఎక్కించి, తర్వాతే అడుగుతారు!"

పైన పొగగొట్టం కూత పెట్టింది. ఆ కూతలో నాకు అలివేలు మొహం కనిపించింది. తిట్టు నాలుక చివరిదాకా వచ్చింది. దాన్ని మింగాను. ఒక్కసారి నిండుగా ఊపిరి తీసుకున్నాను. జీవితంలో మొదటిసారి, నోరు తెరవడానికి ముందు ఆగాను. మిల్లులో విన్న ఫ్రెంచి ముక్కలు వెతుక్కుని, మెల్లగా, రెండో చెయ్యి గుండె మీద పెట్టుకుని అన్నాను: "పార్దోన్ మిస్యే... మా ఫామ్... విల్లియనూర్."

క్షమించండి దొరా, నా భార్య విల్లియనూరులో ఉంది. అంతే.

నావికుడు నా మొహం చూశాడు, చంకలో మూటలోంచి జారిన చీర చూశాడు. పెద్దగా నవ్వి చెయ్యి వదిలేశాడు.

అదే పడవలో ఒడ్డుకొచ్చి, జట్కా మీద విల్లియనూరు చేరేసరికి మామ వీధి తలుపు మూయబోతున్నాడు. నా ఒంటి నిండా ఉప్పు, చీర నిండా అరటిపండు గుజ్జు.

"ఇంతసేపూ యాడికి పోయినావు?"

"శాంతం కోసం పోయినా మామా."

"దొరికిందా?"

"దొరికింది. సైగోను ఓడ దాకా పోతే గానీ దొరకలే."

జరిగిందంతా చెప్పాను. మామ నవ్వాలో తిట్టాలో తెలియక మీసం నమిలాడు. తలుపు చాటునుంచి అలివేలు వచ్చి, గుజ్జు చీర అందుకుని అంది: "నాయినా, నేను పోతా. ఈ మనిషికి కోపమొస్తే గిన్నె ఎదురింటి దాకానే పోతాది. శాంతమొస్తే మనిషే సైగోను దాకా పోతాడు. పక్కన ఒకరుండాల!"

కోపం ఆ రోజుతో పోలేదు. ఏళ్ళ తరబడి, ఊపిరి వెంట ఊపిరిగా తగ్గింది. కానీ సూర్యచంద్రుల సాక్షిగా ఒక ప్రమాణం మాత్రం ఆనాడే చేశాను: ఎంతటి శాంతి కావాలన్నా ఇకమీదట కళ్ళు తెరుచుకునే పొందుతాను. కూర్చోబోయే ముందు, కింద ఉన్నది నేలేనా అని రెండుసార్లు తట్టి మరీ చూసుకుంటాను.