ఎదురుగాలిలో ముందున్నవాడు

ఆ రోజుల్లో మా ఊళ్ళో సైకిలంటే బరువు మోసేది. గడ్డిమోపు, గ్యాసు బండ, అలిగి పుట్టింటికి బయలుదేరిన భార్య, ఏదైనా క్యారియరు మీదికే ఎక్కాలి. అందుకే మా పాస్టరయ్య కొడుకు తన పాత రేసు సైకిలు నా చేతిలో పెట్టినప్పుడు (మేమంతా ఆయన్ని అన్నా అనేవాళ్ళం, రేసులు తొక్కి తొక్కి మోకాలు చెడగొట్టుకున్న మనిషి) మా అమ్మ దాని చుట్టూ రెండుసార్లు తిరిగి, "స్టాండు లేదు, బెల్లు లేదు, గడ్డిమోపు యాడ పెడతావురా?" అంది. సైకిలుతోపాటు ఆయనిచ్చిన రేసు నిక్కరు చూసి ఇంకా దిగులుపడింది. కూర్చునే చోట లోపల మెత్త కుట్టి ఉంటుంది కదా, దాన్ని వేలితో నొక్కి, "చంటిబిడ్డకు కట్టే గుడ్డ మాదిరుండాది. ఇదేసుకోని నలుగుర్లో పోతావా?" అంది. ఊరు దాటేదాకా పైన లుంగీ కట్టుకునే తొక్కేవాణ్ణి. (లుంగీ రెండుసార్లు చైనులో పడింది. ఆ సంగతి అన్నకు ఇప్పటికీ తెలియదు.)

నేను ఐదో తరగతితో బడి మానేసి నాపరాయి బండల ఫ్యాక్టరీలో పనికి పోతుండేవాణ్ణి. రోజూ పోనూ రానూ ఇరవై కిలోమీటర్లు సైకిలు మీదే. నా పిక్కలు చూసి అన్నకు ఆశ పుట్టింది. కడప నుంచి ఒంటిమిట్ట దాకా రేసు ఉందని తెలిసి నా పేరు రాయించాడు. ఒక షరతు పెట్టాడు. "పదిమంది లోపల వస్తే ఈ సైకిలు నీ దగ్గరే ఉండనీ. లేదంటే సోమారం తెచ్చియ్యి, బద్వేలోడు ఒకడు అడుగుతాండాడు." అప్పటికి ఆ సైకిలుతో నాకు నెలరోజుల పరిచయం. రాత్రి మంచం పక్కనే పెట్టుకుని పడుకునేవాణ్ణి. దాన్ని వదలాలంటే ప్రాణం ఒప్పదు.

రేసు పొద్దున అన్న చెప్పిందల్లా ఒకటే. "ముందర పోవాకు. ఎవురిదన్నా చక్రం వెనకాల దాక్కో. గాలి వాడు కోస్తాడు, నువ్వు ఊరికే తొక్కు. ఆఖర్న బయటికి రా."

"ఒకరి కష్టం మీద మనం పోవడం తప్పు కదన్నా?"

"రేసులో దాన్ని తెలివంటారప్పా."

నేను తల ఊపాను. కానీ బయలుదేరాక చూస్తే ఒక్కరూ ముందుకు పోరు. పెళ్ళిలో మొదటి బంతికి కూర్చోవడానికి మొహమాటపడే చుట్టాల్లా ఒకరి మొహాలొకరు చూసుకుంటున్నారు. ఎదురుగాలి ఎక్కువగా ఉంది, పాపం భయపడినట్టున్నారు అనుకుని నేనే ముందుకు పోయాను. ముప్పైమంది నా వెనక వరుస కట్టారు. మా చర్చి మట్టలాదివారం ఊరేగింపులో సిలువ పట్టుకున్నవాడికి కూడా అంత గర్వం ఉండదు. నా వెనకే ఒక గడ్డపాయన. "శానా బాగా తొక్కుతాండావప్పా, అట్లే పో" అన్నాడు. ఆ మాటకు ఇంకా గట్టిగా తొక్కాను. కొంతదూరం పోయాక ఆయన మీద జాలేసి, "అలసిపోయినావాన్నా? నీళ్ళు కావాల్నా?" అని అడిగాను. "వద్దులేప్పా, నీ వెనకాల హాయిగుండాది" అన్నాడు. టీ అంగడి దగ్గర ఒక ముసలాయన, "ఏమప్పా, అందర్నీ నువ్వే ఈడ్చకపోతాండావే" అన్నాడు. అదీ మెచ్చుకోలే అనుకున్నాను.

ముగింపు దగ్గర కట్టిన బ్యానరు కనిపించింది. అప్పుడు నా వెనక గేర్లు మారిన చప్పుడు టకటకమని వినిపించింది. చెరువుకట్ట తెగినట్టు రెండు పక్కలా అందరూ నన్ను దాటిపోయారు. నేనూ లేచి తొక్కుదామనుకున్నాను, కాళ్ళు నావి కానట్టున్నాయి. చివరికి నా వెనక ఇద్దరు మిగిలారు. ఒకడికి పంక్చరు, ఇంకొకడు దిగి వాంతి చేసుకుంటున్నాడు.

గడ్డపాయనకు నాలుగో స్థానం వచ్చింది. వెతుక్కుంటూ వచ్చి నాకు అరటిపండు ఇచ్చాడు. "నీ పుణ్యాన గాలే తగల్లేదప్పా" అన్నాడు. ఆయన మంచిగానే అన్నాడు. నేను పండు సగం తిని ఆపేశాను.

మోటారుబండి మీద వెనకే వచ్చిన అన్న నా పక్కన కూర్చున్నాడు.

"చెప్తి కదప్పా."

"అంతసేపూ నేనే ముందరుంటినన్నా."

"ఉంటివి. చూస్తి." సైకిలు టైరు వేలితో నొక్కి చూసి, "అయినా సోమారం తెచ్చియ్యాల" అన్నాడు.

సోమవారం చైను తుడిచి, నూనె వేసి, కడపలో అన్న ఉండే ఇంటికి తొక్కుకుంటూ పోయి ఇచ్చేసి బస్సులో వచ్చాను. అమ్మ నా ఖాళీ చేతులు చూసింది. "శానాసేపు ముందరే ఉంటినిమా, ఆఖర్న వాళ్ళు పోయినారు" అన్నాను. "పోయేవాళ్ళను పోనీలే" అని అన్నం పెట్టింది.

ఇప్పుడు నాకు దాక్కోవడం బాగా వచ్చు. ఫ్యాక్టరీలో కూలి పెంచమని ఓనరు దగ్గరికి పోయేటప్పుడు నేను రెండో వరుసలో నిలబడతాను. మాట్లాడేవాడు ఎవడో ఒకడు ముందుంటాడు. తిట్లు వాడికి, పెరిగిన కూలి అందరికీ. మొన్న అలా ముందు నిలబడ్డది మీసాలు కూడా సరిగ్గా రాని కుర్రాడు. వాడి వీపు చూస్తూ నిలబడితే నాకు నవ్వొచ్చింది. బయటికి వచ్చాక, నేనూ ఒకప్పుడు ముప్పైమందికి ముందున్నవాణ్ణేనని వాడితో చెప్పాను. వాడు నమ్మలేదు.