గుడ్డమీద పెట్టని వడియాలు

గల్ఫ్‌లో మేముండే ఐన్ ఖాలిద్‌లో మా పక్కింటి సావిత్రిగారు మేడమీద వడియాలు పెడుతుంటే నాకు నవ్వొచ్చేది. గుడ్డ పరిచేవారు కాదు. స్టీలు పళ్ళాల్లో పెట్టేవారు. ఎండాక అవి ఊడిరాక, అట్లకాడతో గీకుతుంటే సగం పొడైపోయేవి. గుడ్డయితే వెనకనుంచి తడిపి హాయిగా ఒలుచుకోవచ్చని ఆవిడకి తెలియక కాదు.

"మా పుట్టింట ఆనవాయితీ లేదమ్మా," అనేవారు.

పుట్టింటి ఆనవాయితీని అత్తింటికి మోసుకొచ్చిన మనిషిని నేను ఈవిడనే చూశాను. భర్త వేణుగోపాలరావుగారు ఆటపట్టించి ఆటపట్టించి విసిగి ఊరుకున్నారు.

ఆవిడది యానాం. అక్కడ ఫ్రెంచివాళ్ళ ఏలుబడి నడిచేటప్పుడు వాళ్ళ వంశంలో ఒక ఆడపిల్ల గోదారి ఒడ్డున గుడ్డ పరిచి, వడియాలు పెట్టి, కాకుల్ని తోలుతూ కూర్చుందట. సాయంత్రానికి పిల్ల లేదు. గోదారి తీసుకుపోయిందనుకున్నారు. ఎంత వెతికినా శవం దొరకలేదు. ఒడ్డున మిగిలిన ఆ గుడ్డకే దహనం చేసి, కర్మ చేశారు. ఆనాటినుంచి ఆ ఇంట గుడ్డమీద ఏదీ ఎండబెట్టరు.

మొన్న చలికాలంలో వేణుగోపాలరావుగారు మెసయీద్ ఫ్యాక్టరీలో తనతో పనిచేసే దానియాల్‌ని భోజనానికి తీసుకొచ్చారు. అతనిది ఫ్రెంచివాళ్ళ రీయూనియన్ దీవి. మాటంతా ఫ్రెంచి, మనతో ఇంగ్లీషు. ముఖం చూస్తే మాత్రం మన కాకినాడ బజార్లో కనిపించే మనిషే. వాళ్ళ అమ్మగారి పూర్వీకురాలైన నూకాలు అనే పిల్లని యానాంలో ఓడెక్కించి చెరకుతోటలకి తీసుకుపోయారట. సావిత్రిగారిది ఆ ఊరేనని విని, అడగడానికి వచ్చాడు. అక్కడ తల్లి మంచంమీద ఉంది. ఆవిడకి ఊరూ వద్దు, ఇంటిపేరూ వద్దు. నూకాలుని కన్నవాళ్ళే ఓడవాళ్ళకి అమ్ముకున్నారని దీవిలో తరతరాలుగా దెప్పారట. అది నిజమా కాదా, అంతే తెలియాలి ఆవిడకి.

"పాతకాలం సంగతి బాబూ, ఎవరికి తెలుస్తుంది?" అన్నారు సావిత్రిగారు దిగులుగా.

భోజనాలయ్యాక అందరం మేడెక్కాం. పళ్ళాలు చూసి దానియాల్ ఆగిపోయాడు. తల్లి కూడా ఇంతేనన్నాడు. మిరపకాయలైనా పళ్ళెంలోనే ఎండబెడుతుందట. గుడ్డ పరిస్తే పిల్ల పోతుందని వాళ్ళింట్లో భయం.

సావిత్రిగారు పిట్టగోడ పట్టుకుని నిలబడిపోయారు. అలాగే పుట్టింటి కథంతా అతనికి చెప్పారు.

"రెండిళ్ళలో గుడ్డ పరవకపోతే చుట్టాలైపోతారా? రుజువేది?" అన్నారు వేణుగోపాలరావుగారు. ఆ మాటకి నాకు ఒళ్ళు మండింది. కానీ ఆయన అడిగిందాంట్లో తప్పేమీ లేదు.

సావిత్రిగారు వాదించలేదు. "మీ అమ్మగారికి ఫోన్ కలుపు బాబూ," అన్నారు.

యానాం బడిలో నేర్చుకున్న ఫ్రెంచిని కూడబలుక్కుంటూ మాట్లాడారు. ఏం చెప్పారో తర్వాత నాకు చెప్పారు.

"అమ్మా, నూకాలుని ఎవరూ అమ్ముకోలేదు. చచ్చిపోయిందని గుండెలు బాదుకుని, ఆ పిల్ల గుడ్డని తగలబెట్టి కర్మ చేశారు. అమ్ముకున్న పిల్లకి ఎవరైనా కర్మ చేస్తారా?"

ఫోన్లో ముసలామె గొల్లుమంది. దానియాల్ గోడవైపు తిరిగిపోయాడు. రుజువడిగిన వేణుగోపాలరావుగారే కళ్ళు తుడుచుకున్నారు.

పై శుక్రవారం సావిత్రిగారు తన పాత నేతచీర ఒకటి మేడమీద పరిచారు. పండగనాడు చావొచ్చి ఆ ఇంట ఆగిపోయిన పండగ, మళ్ళీ అదే రోజున బిడ్డ పుడితే తిరిగొస్తుందంటారు మనవాళ్ళు. "పోయిందనుకున్న పిల్ల బతికిందని తెలిసింది కదమ్మా, ఇంకెందుకు ఆనవాయితీ?" అన్నారు. మొదటి వడియం దానియాల్ చేత పెట్టించారు. వంకరగా పడింది. దాన్ని సరిచెయ్యనివ్వలేదు.

మధ్యాహ్నమైనా ఆవిడ కిందికి దిగలేదు. పావురాల్ని తోలుతూ అక్కడే కూర్చున్నారు. ఎండగా ఉంది, లోపలికి రమ్మన్నాను.

"ఆరోజు ఆ పిల్ల పక్కన ఎవరన్నా ఒకళ్ళు కూర్చునుంటే సరిపోయేది కదమ్మా," అన్నారు.

నేనూ వెళ్ళి ఆవిడ పక్కన కూర్చున్నాను.