మూత మీద నూనె చుక్క

తొమ్మిది చలికాలాల పాటు జోసఫిన్ తన శనివారాలన్నీ ఒక విమానానికే ఇచ్చేసింది. వారమంతా నోవై అనే ఊళ్లో కార్ల ఇంజన్లు పరీక్షించే ఉద్యోగం. శనివారం పొద్దున్నే కారు మీది మంచు గీకి, ఊరవతల విమానాలు పెట్టే హ్యాంగర్‌కి. అక్కడ రెండో ప్రపంచ యుద్ధం నాటి ఫైటర్ విమానం ఒకటుంది. పేరు స్కార్లెట్ మే.

దాని కథ హ్యాంగర్‌లో అందరికీ కంఠతా వచ్చు. ఒక విమానాల రేసులో చక్రాలు దిగక పొట్ట మీద దిగింది. ఇక తుక్కేనన్నారు. నాలుగేళ్లకు తిరిగొచ్చి రెండో స్థానం కొట్టింది. తర్వాత గాల్లోనే ఇంజన్ పేలింది. మళ్లీ తుక్కేనన్నారు. జోసఫిన్ వచ్చి చేరింది ఆ పేలిన ఇంజన్ దగ్గరికే. దాన్ని బాగుచేసి పరీక్షగా ఎగరేసిన రోజుల్లో ఆమెకు ఆఫీసు. అది ఎగరగా ఒక్కసారీ చూడలేదు.

ఈ సెప్టెంబరులో ఎడారిలో రేసు. ఆదివారం ఫైనల్. పొద్దున్నే విమానం బాధ్యతంతా చూసే క్రూ చీఫ్ వేన్ ఆఖరి తనిఖీ చేసి సంతకం పెట్టి వెళ్లాక, జోసఫిన్ బ్యాగులోంచి చిన్న సీసా తీసింది. వాళ్ల తెలుగు చర్చిలో ఎవరు కొత్త కారు కొన్నా, పాస్టరుగారు ప్రార్థించి ఇచ్చిన ఒలీవ నూనె దానికో చుక్క రాస్తారు. ఆమె ఇంజన్ మూత మీద వేలితో రాసి, కళ్లు మూసుకుని రెండు మాటలు చెప్పుకుంది.

ఎండెక్కేసరికి ఆ చుక్క సన్నటి గీతలా జారింది. రేసుకు పావుగంట ముందు వేన్ కంట పడింది. ఇంజన్ ఆయిల్ లీకన్నాడు, మూత విప్పమన్నాడు. విప్పితే రేసు పోయినట్టే.

పనిముట్లతో వచ్చిన దేదీప్య జోసఫిన్ మొహం చూసి ఆగిపోయింది. ఈ దేశంలోనే పుట్టిన తెలుగు పిల్ల, జోసఫిన్ ఆఫీసులోనే పని.

"ఆంటీ, దీనికి మీరేమైనా పెట్టారా?"

"ప్రేయర్ ఆయిల్."

"చెప్పకండి ఆంటీ. నేను వైప్ చేసేస్తా, అంతే."

"ఆయన చూసేశాడమ్మా. తుడిస్తే నమ్ముతాడా?"

జోసఫిన్ వెళ్లి సీసా వేన్ చేతిలో పెట్టింది. అతను గీత మీద వేలు రాసి వాసన చూశాడు, నాలుకకు అంటించుకున్నాడు. మూత విప్పొద్దని చెప్పాడు. తర్వాత చెయ్యి చాపి ఆమె బ్యాడ్జ్ అడిగాడు. సంతకం అయ్యాక చెప్పకుండా విమానాన్ని ముట్టుకున్నవాళ్లు అక్కడ ఉండకూడదు. కొత్తగా చేరినవాళ్లకు ఆ రూలు చదివి వినిపించేది ఆమే.

"సారీ, జో," అన్నాడు.

ప్రేక్షకుల గ్యాలరీ మైలు దూరం. అక్కడికి చేరేలోగా రేసు అయిపోతుంది. ఆమె హ్యాంగర్ల వెనక పార్కింగులో, తమ ట్రక్కు పక్కన నిలబడింది. రేసు విమానాలు నేలకు బాగా దగ్గరగా ఎగురుతాయి. అక్కణ్ణించి రేకుల గోడలు తప్ప ఏమీ కనిపించవు.

ఒక్కసారిగా ఎనిమిది ఇంజన్లు మోగాయి. అందులో తనది ఏదో ఆమెకు వెంటనే తెలిసింది. అది దూరమై, సన్నబడి, ఎడారిలో ఎక్కడో కలిసిపోయింది. ఎండకు కాలుతున్న ట్రక్కు రేకు మీద చెయ్యి ఆనించి ఎదురుచూసింది. ఆ శబ్దం తిరిగొచ్చింది. మళ్లీ పోయింది.

జేబులో ఫోన్ మోగింది. విమానం చూపించడానికి దేదీప్య వీడియో కాల్. ఫోన్‌లోంచి వచ్చే మోతలో తన ఇంజన్ వినపడదని, ఆమె కట్ చేసింది.

శబ్దం మళ్లీ దగ్గరవుతోంది.